ఆకు లోపలి ఫంగస్, మలేరియా మందు: ప్రాజెక్టు డైరీ

జూన్

మలేరియా మందుల చరిత్రలో రెండు పెద్ద మలుపులూ మొక్కల దగ్గరే జరిగాయి. సింకోనా బెరడు నుంచి 1820లో పెలెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు క్వినైన్ తీశారు. ఆర్టిమీసియా అన్నువా అనే మొక్క నుంచి 1970ల మొదట్లో చైనాలో తూ యూయూ బృందం ఆర్టిమిసినిన్ తీసింది. ఆ పనికే 2015లో ఆవిడకు నోబెల్ వచ్చింది. మేమూ మొక్కల దగ్గరికే వెళ్తున్నాం. అయితే మాకు కావలసింది వాటి లోపల కాపురం ఉండే ఫంగస్. ఆకుల్లో, కొమ్మల్లో, వేళ్లలో, మొక్కకు ఏ జబ్బూ కనబడనివ్వకుండా బతికే ఈ ఫంగస్‌లను ఎండోఫైట్లు అంటారు.

ఇంత తొందర ఎందుకంటే ఆర్టిమిసినిన్ పట్టు సడలుతోంది. మందు వేసినా రోగి రక్తంలోంచి పరాన్నజీవి ఆలస్యంగా పోతోందని 2008, 2009లలో పశ్చిమ కంబోడియా నుంచి వార్తలు వచ్చాయి. దానికి కారణం కెల్చ్13 అనే జన్యువులోని మార్పులని 2014లో తేలింది. ఆ తర్వాత అలాంటి మార్పులే రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిత్రియాల్లోనూ బయటపడ్డాయి. 2023లో ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల 30 లక్షల కేసులు, 5 లక్షల 97 వేల మరణాలు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్ల లోపు పిల్లలు. ఉన్న మందులు పూర్తిగా చేతులెత్తేసేలోపు కొత్తవి సిద్ధంగా ఉండాలి. కొత్తవంటే పాత మందుకే కాస్త మార్పు చేసినవి కాదు, పరాన్నజీవిని ఇంకో చోట దెబ్బకొట్టేవి.

ఎండోఫైట్లలో అలాంటివి దొరకొచ్చని అనుకోవడానికి ఆధారాలున్నాయి. థాయిలాండ్‌లో టేకు ఆకులోంచి తీసిన ఫోమాప్సిస్ అనే ఫంగస్ నుంచి ఫోమోజాంథోన్ ఎ, బి అనే పదార్థాలు 2001లో దొరికాయి. మలేరియా పరాన్నజీవి మీద గట్టిగా పనిచేశాయి. కోస్టారికాలో ఒక అడవి చెట్టు లోపలి ఫంగస్ నుంచి 2008లో కోడినియోప్సిన్ వచ్చింది. ఆకు అనేది ఫంగస్‌కు ఇరుకైన చోటు. అక్కడ బ్యాక్టీరియా ఉంటుంది, పోటీకి వేరే ఫంగస్‌లు ఉంటాయి, మొక్క రక్షణ వ్యవస్థ ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచుతుంది. అన్నిటితో సర్దుకుంటూ, అవసరమైతే పోరాడుతూ బతకాలంటే రసాయనాలే దాని ఆయుధాలు.

మొదటి విడతకు వేప, టేకు తీసుకున్నాం. ముదురు ఆకులే కోశాం. చెట్లలో చాలా ఎండోఫైట్లు గాలిలో, వాననీటిలో వచ్చే బీజాల నుంచే ఆకులోకి చేరతాయి. అందుకే లేత చిగురులో అవి దాదాపు ఉండవు, ఆకు ముదిరేకొద్దీ పెరుగుతాయి. చెట్టు ఎక్కడిది, ఎవరి అనుమతితో కోశాం అన్నది కూడా కాగితం మీద ఉంది. 2014 నుంచి అమల్లో ఉన్న నగోయా ఒప్పందం ప్రకారం, రేపు ఏదైనా మందు వస్తే దాని లాభంలో ఆ మొక్క పెరిగిన నేలకూ వాటా ఉంటుంది. ఈ కాగితాలను విసుగు పనిగా చూసేవాళ్లున్నారు. నా ఉద్దేశంలో ప్రాజెక్టు మొదలయ్యేదే అక్కడ.

జూలై

ఈ నెలంతా ఒకటే ప్రశ్న. ప్లేటు మీద లేచిన ఫంగస్ ఆకు లోపలిదా, లేక గాలికి వచ్చి ఆకు మీద వాలినదా?

ఆకును ముందు కుళాయి ధార కింద కడుగుతాం. తర్వాత 70 శాతం ఇథనాల్‌లో నిమిషం, బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్‌లో కొన్ని నిమిషాలు, మళ్లీ ఇథనాల్‌లో అర నిమిషం, ఆఖరికి స్టెరైల్ నీళ్లలో జాడింపు. వేపాకు పలచన, దానికి హైపోక్లోరైట్ ఎక్కువసేపు ఇస్తే లోపలిదాకా పాకి మనకు కావలసిన ఫంగస్‌నే చంపేస్తుంది. కొమ్మకు బెరడుంటుంది కాబట్టి ఇంకాస్త సేపు పెట్టాలి. టేకాకు మీద నూగు ఎక్కువ, ఆ నూగు మధ్య గాలి బుడగలు చిక్కుకుంటే ఇథనాల్ తగలదు. అందుకే ఇథనాల్‌లో ఉన్నంతసేపూ గిన్నెను మెల్లగా కదుపుతూనే ఉండాలి.

శుభ్రం చేసిన ఆకును అగార్ అనే జెల్లీ పోసిన ఒక ఖాళీ ప్లేటు మీద అద్ది తీసేస్తాం. చివరిసారి జాడించిన నీళ్లను ఇంకో ప్లేటు మీద పోస్తాం. వారం దాటినా ఈ రెండు ప్లేట్లూ నున్నగా, ఖాళీగా ఉండాలి. వాటి మీద చిన్న చుక్క లేచినా ఆ ఆకు నుంచి వచ్చిన ఫంగస్‌లన్నీ లెక్కలోంచి తీసేయాల్సిందే. టేకు మొదటి గుత్తి మొత్తం అలా పోయింది. మంచి ఫంగస్‌లే అయ్యుండొచ్చు, కానీ అవి లోపలివని చెప్పలేనప్పుడు వాటిని మోసుకెళ్లడంలో అర్థం లేదు.

ఆకు అద్దిన ప్లేటు ఖాళీగా ఉన్న ఆకుల ముక్కలను మాత్రం రోజూ చూస్తున్నాను. మొదట్లో ఏమీ ఉండదు, ఆకుపచ్చ ముక్క అగార్ మీద తడిగా పడుంటుంది. కొన్ని రోజులకు, ముక్కను వెలుతురుకు ఎదురుగా వంచి చూస్తే, బ్లేడుతో కోసిన అంచు నుంచి మాత్రమే తెల్లటి నూగు లాంటి పోగులు బయటికి వస్తుంటాయి. ఆకు పైభాగం నున్నగానే ఉంటుంది. కోత అంచు నుంచే రావడం మనకు కావలసిన గుర్తు, లోపల ఉన్నది దారి దొరికి బయటికి వస్తోందన్నమాట. ఆ పోగు చివరను వెంటనే సన్నటి సూదితో కోసి కొత్త ప్లేటుకు మార్చేయాలి. ఆలస్యమైతే ఫ్యుసేరియం లాంటి తొందరగా పెరిగేవి ప్లేటంతా ఆక్రమించి, నెమ్మదిగా పెరిగేవాటిని కప్పేస్తాయి. కొత్త రసాయనాలు ఆ నెమ్మదివాటిలో ఉండే అవకాశం తక్కువేమీ కాదు, అందుకే వాటి ప్లేట్లను నెల దాటినా పారేయడం లేదు.

ఆగస్టు

పేర్లు పెట్టే పని. డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగాన్ని చదివించి డేటాబేస్‌తో పోల్చి చూశాం. ఎక్కువగా వచ్చినవి అందరికీ తెలిసిన ప్రజాతులే: కొల్లెటోట్రైకమ్, డయాపోర్తే, పెస్టలోషియోప్సిస్, ఆల్టర్నేరియా, అక్కడక్కడా జైలేరియా. డయాపోర్తే విషయంలో ఐటీఎస్ ఒక్కటే సరిపోదు, జాతి పేరు ఖాయం చేయాలంటే ఇంకో రెండు మూడు జన్యువులు చూడాలి. అన్నట్టు, పాత వ్యాసాల్లో ఫోమాప్సిస్ అని రాసినదీ, ఇప్పుడు డయాపోర్తే అంటున్నదీ ఒకటే. పాత పేరుతో కూడా వెతక్కపోతే సగం సమాచారం చేజారిపోతుంది.

ప్రతి ఫంగస్‌నూ వచ్చిన వెంటనే గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల్లో దాచాం. ఈ జాగ్రత్త విలువ తర్వాత తెలిసింది.

సెప్టెంబరు

ఫంగస్‌ను పెంచే తిండిని బట్టి అది చేసే రసాయనాలు మారిపోతాయి. ఒకే ఫంగస్‌కు తిండి, ఉప్పు, గాలి, వెలుతురు మారుస్తూ వేర్వేరు పదార్థాలు రాబట్టే పద్ధతిని 2002లో బోడె, జీక్ బృందం గట్టిగా ముందుకు తెచ్చింది. ఫంగస్ జన్యువుల్లో రసాయనాలు తయారుచేసే గుంపులు చాలా ఉంటాయి, ల్యాబ్‌లో మాత్రం ఎక్కువ భాగం నోరు మెదపవు. వాటికి మొక్క లోపలి పరిస్థితి కావాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

మేం ప్రతి ఫంగస్‌ను రెండు రకాలుగా పెంచుతున్నాం: బంగాళాదుంప రసం, గ్లూకోజ్ కలిపిన ద్రవంలో ఒకటి, బియ్యంలో ఒకటి. బియ్యం పద్ధతి చాలా సులువు. లీటరు ఫ్లాస్కులో 100 గ్రాముల బియ్యం, దానికి సరిపడా నీళ్లు పోసి ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడిలో ఆవిరితో శుద్ధి చేసి), చల్లారాక ఫంగస్ ముక్కలు వేసి మూడు నాలుగు వారాలు కదపకుండా వదిలేయడమే. గింజ గింజకూ మధ్య గాలి ఉంటుంది, పట్టుకోవడానికి గట్టి నేల ఉంటుంది, అది ఫంగస్‌కు నచ్చుతుంది. వేప కొమ్మ నుంచి వచ్చిన ఒక డయాపోర్తే ద్రవంలో ఏ రంగూ లేకుండా పెరిగింది. బియ్యంలో అదే ఫంగస్ అడుగున లేత పసుపు, తర్వాత గోధుమ రంగు తేలింది. రంగు వచ్చినంత మాత్రాన మందు ఉన్నట్టు కాదు కానీ, లోపల ఏదో మారిందని మాత్రం తెలుస్తుంది.

తర్వాత ఈథైల్ ఎసిటేట్ అనే ద్రావకం పోసి నానబెట్టి, వడగట్టి, ద్రావకాన్ని ఆవిరి చేసే రోటావాప్‌లో ఆరబెడితే అడుగున జిగటగా సారం మిగులుతుంది. బియ్యంలో కొవ్వు ఉంటుంది కాబట్టి దాన్ని హెక్సేన్‌తో వేరు చేయాలి, లేకపోతే తర్వాతి మెట్లన్నీ జిడ్డే. ఏ ఫంగస్సూ వేయని ఉత్త బియ్యం ఫ్లాస్కు నుంచి కూడా ఇలాగే సారం తీసి పెట్టుకున్నాం, పోల్చి చూడటానికి.

అక్టోబరు

పరాన్నజీవిని పెంచడం వేరే ల్యాబ్ పని, వాళ్లతో కలిసి చేస్తున్నాం. మలేరియా తెచ్చే ప్లాస్మోడియం ఫాల్సిపరం‌ను మనిషి ఎర్ర రక్తకణాల్లో ఆగకుండా పెంచే పద్ధతిని ట్రేగర్, జెన్సన్ 1976లో చూపించారు. అప్పట్లో వాళ్లు వాడింది ఒక గాజు జాడీ, అందులో వెలిగించిన కొవ్వొత్తి. కొవ్వొత్తి ఆరేసరికి జాడీలో ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, పరాన్నజీవికి అదే కావాలి. ఇప్పుడు గ్యాస్ సిలిండర్లు వచ్చినా సూత్రం అదే.

పరీక్ష ఇలా ఉంటుంది. పరాన్నజీవి పట్టిన రక్తకణాలకు సారం కలిపి, 72 గంటల తర్వాత సైబర్ గ్రీన్ అనే రంగు వేస్తాం. ఆ రంగు డీఎన్ఏకు అంటుకుని మెరుస్తుంది. ఎర్ర రక్తకణంలో డీఎన్ఏ ఉండదు కాబట్టి మెరిసేదంతా పరాన్నజీవిదే. మెరుపు తగ్గిందంటే పరాన్నజీవి పెరగలేదన్నమాట. మందులకు లొంగే 3డి7 రకం మీదా, చాలా మందులకు లొంగని డిడి2 రకం మీదా రెండింటి మీదా చూస్తున్నాం.

మొదటి ప్లేటు నంబర్లు చూసి నాకు చాలా సంతోషమేసింది. సగానికి దగ్గరగా సారాలు పనిచేసినట్టే కనిపించాయి. ఆ ల్యాబ్‌లో పరాన్నజీవి కల్చర్ చూసే మేడం మాత్రం ప్రింటు పక్కన పెట్టి, "ముందు స్లైడ్ చూడండి, నంబరు మాట తర్వాత" అన్నారు.

స్లైడ్ చెప్పే కథ వేరు. జీమ్సా రంగు వేసిన మంచి కల్చర్‌లో ఎర్ర కణం లోపల నీలం ఉంగరాలు కనిపిస్తాయి, ఉంగరానికి ఒక పక్క ఎర్రటి చుక్క. తర్వాతి దశలో ఉంగరం దళసరి అయ్యి మధ్యలో గోధుమ రంగు రేణువులు చేరతాయి, అది తినేసిన హిమోగ్లోబిన్ మిగిల్చిన చెత్త. 48 గంటలు నిండేసరికి కణం పగిలి పిల్ల పరాన్నజీవులు బయటపడతాయి. మందు పనిచేసిన చోట ఉంగరం పోయి, ముడుచుకుపోయిన నల్లటి చుక్క మిగులుతుంది. కొన్ని సారాల స్లైడ్లలో ఇలాంటి చుక్కలు కనిపించాయి. మరికొన్నిటిలో చుక్కలూ లేవు, కణాలూ లేవు, పగిలిన పొరల నీడలు మాత్రమే. అంటే ఆ సారం రక్తకణాన్నే కరిగించేసింది. ఇల్లే కూలిపోతే లోపలివాడు చచ్చాడని చెప్పుకోవడం గెలుపు కాదు.

నవంబరు

ఈ నెల పని అంతా తీసేయడమే. మలేరియా పరాన్నజీవిని చంపే పదార్థాలు ప్రకృతిలో బోలెడు. దాన్ని చంపి, మనిషి కణాన్ని ముట్టుకోకుండా వదిలేసేవి అరుదు. మొదటి పరీక్షలో పాసైన సారం గురించి ఎవరైనా మందు దొరికిందని రాస్తే నేను నమ్మను, రెండో సగం ఎక్కడని అడుగుతాను.

రక్తకణాలను కరిగించినవి ముందే పోయాయి. ముదురు రంగు సారాలు కొన్ని సైబర్ గ్రీన్ మెరుపును మింగేసి పనిచేసినట్టు భ్రమ కల్పించాయి, స్లైడ్‌లో మాత్రం ఉంగరాలు హాయిగా ఉన్నాయి. అవీ పోయాయి. మిగిలినవాటిని మనిషి కాలేయ కణాలైన హెప్‌జి2 మీద పరీక్షించాం. కాలేయ కణాన్ని చంపే మోతాదు, పరాన్నజీవిని చంపే మోతాదుకు కనీసం పదింతలైనా ఉండాలని గీత పెట్టుకున్నాం. ఇక్కడే ఎక్కువ నష్టం జరిగింది.

తర్వాత అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్. ఇంతకుముందే తెలిసిన పదార్థాన్ని మళ్లీ నెలల తరబడి శుద్ధి చేయకుండా ఉండాలంటే దాని బరువును ముందే పట్టుకోవాలి. ఒక జైలేరియా సారంలో సైటోకలాసిన్ కుటుంబం బయటపడింది. సైటోకలాసిన్లు కణానికి ఆకారం, కదలిక ఇచ్చే యాక్టిన్ ప్రోటీన్‌ను పట్టేస్తాయి. పరాన్నజీవి కొత్త రక్తకణంలోకి దూరాలంటే యాక్టిన్ కావాలి కాబట్టి అది ఆగిపోతుంది, నిజమే, కానీ మన కణాలకూ యాక్టిన్ కావాలి. టేకు ఆకులోని ఒక డయాపోర్తేలో 750 దగ్గర బరువు కనబడగానే ఫోమోజాంథోన్ ఎ అని అనుమానించాం, తెలిసిన శుద్ధ నమూనాతో పోల్చాక అదే అని తేలింది. 2001లో అంత ఆశ రేపిన ఆ పదార్థం మనిషి కణాల్లోని మైటోకాండ్రియాను కూడా చెదరగొడుతుందని 2018లో తెలిసింది. సెర్కోస్పోరిన్‌దీ ఇదే దారి. పనామాలో ఒక ఎండోఫైట్ నుంచి వచ్చి మలేరియా మీద బాగా పనిచేసింది, కానీ అది వెలుతురు పడితే చాలు, దగ్గరున్న ఏ కణాన్నైనా కాల్చేసే రకం.

డిసెంబరు

తీసేయగా తీసేయగా చేతిలో మిగిలినవి తక్కువే. అందుకని ముందు పక్కన పెట్టినవాటిని ఇంకో ప్రశ్నతో మళ్లీ చూశాం. మన పరీక్ష నెమ్మదిగా పనిచేసేవాటిని చూడలేకపోతోందా?

మలేరియా పరాన్నజీవి కణంలో ఎపికోప్లాస్ట్ అని ఒక భాగం ఉంది. ఒకప్పుడు దాని పూర్వీకుడు ఎర్ర శైవలాన్ని మింగితే మిగిలిపోయిన భాగం అది, ఆకుల్లోని క్లోరోప్లాస్ట్‌కు దూరపు చుట్టం. కిరణజన్య సంయోగ క్రియ ఎప్పుడో పోయింది, కానీ ఐసోప్రినాయిడ్లనే అవసరమైన పదార్థాలు ఇప్పటికీ అక్కడే తయారవుతాయి. మనిషి కణాల్లో ఎపికోప్లాస్ట్ లేదు. డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ లాంటివి దాన్నే దెబ్బకొడతాయి, అయితే మందు తగిలిన తరం మామూలుగానే పెరుగుతుంది, దాని పిల్లలు చస్తాయి. అంటే మామూలు పరీక్షలో ఇవి బలహీనంగా కనిపించి, 96 గంటలు ఆగితే బలంగా కనిపిస్తాయి.

ఎండోఫైట్ల దగ్గర ఇలాంటిది దొరకొచ్చని నా నమ్మకం, దీన్ని నమ్మకంగానే రాస్తున్నాను. క్లోరోప్లాస్ట్‌ల మధ్య బతికే ఫంగస్‌కు వాటిని అదుపు చేసే రసాయనం ఉండటం వింతేమీ కాదు. ఆల్టర్నేరియా చేసే టెంటాక్సిన్ క్లోరోప్లాస్ట్‌లోని శక్తినిచ్చే ఏటీపీ తయారీనే ఆపుతుంది.

అలా పక్కన పెట్టిన సారాలను 96 గంటలు నడిపాం. చాలావాటిలో తేడా లేదు. వేప కొమ్మ డయాపోర్తే, బియ్యంలో గోధుమ రంగు తేలినది, మొదటి 48 గంటల చక్రంలో దాదాపు ఏమీ చేయలేదు, రెండో చక్రంలో కల్చర్‌ను బాగా పడగొట్టింది. స్లైడ్‌లో తల్లి కణాలు మామూలుగా పగిలాయి, కొత్త ఉంగరాలు ఏర్పడ్డాయి, కానీ అవి ముందుకు పెరగలేదు. కాలేయ కణాలు అదే మోతాదులో బాగున్నాయి. ఆ సాయంత్రం మేడం తనే ఫోన్ చేసి, "ఇంకో బ్యాచ్ రక్తంతో మళ్లీ చేద్దామండీ, ఇది చూడదగ్గదే" అన్నారు. ఆవిడ నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు. వేరే రక్తంతో, వేరే రోజు చేసినా అదే వచ్చింది.

జనవరి

దెబ్బ నిజంగా ఎపికోప్లాస్ట్ మీదేనా? దీనికి చక్కటి పరీక్ష ఒకటుంది. రక్తదశలో ఎపికోప్లాస్ట్ అసలు అవసరం ఐపీపీ అనే ఒక్క పదార్థం తయారీకేనని 2011లో యే, డెరిసి చూపించారు. ఐపీపీని బయటి నుంచి పోస్తే ఎపికోప్లాస్ట్ పూర్తిగా పోయినా పరాన్నజీవి బతుకుతుంది. అంటే మందుతో పాటు ఐపీపీ కలిపినప్పుడు పరాన్నజీవి బతికిందంటే, మందు గురి ఎపికోప్లాస్టే.

డాక్సీసైక్లిన్ ఒక పక్క, ఎపికోప్లాస్ట్‌ను ముట్టని క్లోరోక్విన్ ఇంకో పక్క పెట్టి పరీక్ష నడిపాం. డాక్సీసైక్లిన్ వరసలో ఐపీపీ పోసిన కల్చర్ బతికింది, క్లోరోక్విన్ వరసలో చచ్చింది, అంటే పరీక్ష సరిగ్గా నడిచింది. మన సారం మధ్యలో నిలిచింది. తక్కువ మోతాదుల్లో ఐపీపీ పరాన్నజీవిని కాపాడింది, ఎక్కువ మోతాదుల్లో కాపాడలేకపోయింది. సారంలో ఒకటి కంటే ఎక్కువ పదార్థాలు ఉన్నాయని, అందులో కనీసం ఒకటి ఎపికోప్లాస్ట్ వైపు వెళ్తోందని దీన్ని చదువుతున్నాను. వేరు చేస్తే గానీ ఇంతకు మించి ఒక్క మాట కూడా అనకూడదు.

సారంలోని పదార్థాలను వేరుచేసే సెఫడెక్స్ కాలమ్ మీద విడగొట్టాం. ఆలస్యంగా చంపే గుణం మధ్య భాగాల్లోకి వచ్చింది, గోధుమ రంగు ముందే దిగిపోయింది. రంగుకూ పనికీ సంబంధం లేదని తేలడం ఊరట. ఆ భాగాల్లోని ముఖ్యమైన బరువులు తెలిసిన డయాపోర్తే పదార్థాలతో కలవలేదు. దీనర్థం కొత్త పదార్థమనే కాదు, డేటాబేస్‌లో లేని పాతదీ కావచ్చు. పదార్థం నిర్మాణం చెప్పే ఎన్ఎంఆర్ తీయడానికి సరిపడా పదార్థం కూడా ఇంకా లేదు.

ఫిబ్రవరి

పదార్థం కోసం అదే ఫంగస్‌ను మళ్లీ బియ్యంలో పెట్టాం. ఈసారి సారం దిగుబడి బాగానే ఉంది, ఆలస్యంగా చంపే గుణం మాత్రం బాగా తగ్గింది. ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తూ పోతే ఎండోఫైట్లు పదార్థం చేయడం మానేయడం ఈ రంగంలో అందరికీ తెలిసిన బెడద. 1993లో యూ చెట్టు లోపలి ఫంగస్ కేన్సర్ మందు టాక్సాల్‌ను చేస్తోందని వార్త వచ్చినప్పుడు ప్రపంచమంతా ఆశపడింది. దిగుబడి చాలా తక్కువ, నిలకడ లేదు. 2013లో ఇంకో బృందం ఆ ఫంగస్‌లలో టాక్సాల్ తయారీకి కావలసిన జన్యువుల ఆనవాళ్లే లేవని రాసింది. అందుకే మాకు వచ్చిన పదార్థాన్ని ఫంగస్సే చేస్తోందా, లేక వేప కొమ్మ నుంచి మోసుకొచ్చిందా అన్నది కూడా తేల్చాలి. ఇన్ని సబ్ కల్చర్ల తర్వాత వేప రసాయనం మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ, అయినా గుణం తగ్గుతున్నప్పుడు ఈ ప్రశ్నను దాటెయ్యకూడదు. జీనోమ్ చదివించడానికి డీఎన్ఏ పంపించాం.

ఆగస్టులో మైనస్ 80లో దాచిన అసలు స్టాకును ఈ నెలలోనే తీశాం. అది రెండు రోజుల్లో ప్లేటు మీద లేచింది, తెల్లగా, దూది పరిచినట్టు. దాని నుంచి నేరుగా ఫ్లాస్కులు పెట్టాం, మధ్యలో ఒక్క సబ్ కల్చర్ కూడా లేకుండా. సగం ఫ్లాస్కులు ఉత్త బియ్యం, సగం ఫ్లాస్కుల్లో బియ్యంతో పాటు ఆటోక్లేవ్ చేసిన వేప కొమ్మ పొడి, మొక్క వాసన తగిలితే ఆగిన తయారీ మళ్లీ మొదలవుతుందేమో చూడటానికి. పొడి ఉన్నా ఫంగస్ లేని ఫ్లాస్కులు కూడా పెట్టాం, పొడి నుంచి వచ్చేదేదో, ఫంగస్ నుంచి వచ్చేదేదో విడిగా తెలియాలి కదా. మూడు వారాలకు ఒక వరస, నాలుగు వారాలకు ఇంకో వరస తెరుస్తాం. తెరిచిన రోజే సారం తీసి, ముందు 96 గంటల పరీక్షకు, తర్వాతే కాలమ్‌కు వెళ్తుంది. మేడం మార్చిలో రెండు వారాలు కల్చర్ ఖాళీ ఉంచారు.